మచ్చ ఎందుకు ఆగదు: రాతిధూళి, కాలేయ విషం, కొల్లాజెన్ జన్యువు

కొత్త ఇంట్లో వంటగది గట్టుకు రాయి పరుస్తున్నప్పుడు ఒకసారి దగ్గర నిలబడి చూడాలి. సింకు కోసం చదరంగా గీత గీసుకుని, ముక్కుకు తువ్వాలు బిగించి, మేస్త్రీ కటింగ్ మిషన్‌ను రాయి మీద ఆనిస్తాడు. అర నిమిషంలో గది తెల్లబడుతుంది. అతని కనుబొమలు, చెవుల అంచులు, తలుపు గడియ, కిటికీ ఊచలు, అన్నిటి మీదా పిండి చల్లినట్టు పొర పేరుకుంటుంది. సాయంత్రం ఒళ్ళు కడుక్కుంటే అదంతా పోతుంది. పోయేది కంటికి కనిపించే ధూళి. పీల్చినా అది ముక్కులోనో గొంతులోనో చిక్కుకుని కఫంతో బయటికి వచ్చేస్తుంది. కంటికి కనిపించనిది వేరే ఉంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అందులో పదిహేనో వంతు కూడా లేని రేణువులు తువ్వాలు నేతలోని సందుల గుండా దూరి, శ్వాసనాళాల మలుపులన్నీ దాటి, ఊపిరితిత్తి చివరనున్న గాలిగదుల దాకా వెళ్తాయి. అక్కడే ఉండిపోతాయి.

ఇళ్ళలో వాడే గ్రానైటులో క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి, రమారమి మూడో వంతు ఉంటుంది. పలుగురాయి పొడిని జిగురుతో కలిపి తయారుచేసే కృత్రిమ రాయిలో అది 90 శాతం దాటుతుంది. ఈ పొడిని ఏళ్ళ తరబడి పీల్చినవారి ఊపిరితిత్తిని సూక్ష్మదర్శిని కింద పెడితే గింజల్లాంటి ముడులు కనిపిస్తాయి. ఒక్కో ముడి అడ్డకోత ఉల్లిపాయను కోసినట్టు ఉంటుంది, పొర మీద పొర. మధ్యలో ఉన్నది ధూళి. చుట్టూ ఉన్న పొరలు మాత్రం రాయి కావు, ఆ మనిషి శరీరమే తయారుచేసిన కొల్లాజెన్. ఈ జబ్బు పేరు సిలికోసిస్. దీన్ని ఊపిరితిత్తులు రాతిపొడితో నిండిపోవడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి ధూళి బరువు స్వల్పం. ఊపిరి ఆడనివ్వనిది దాని చుట్టూ కట్టిన గోడ. ఆ గోడ కట్టే జన్యువులు మనందరిలోనూ ఉన్నాయి, అందరిలోనూ పనిచేస్తూనే ఉన్నాయి. వాటిలో లోపమేమీ లేదు. పని ఎందుకు మొదలైందన్నది తేలికైన ప్రశ్న. ఎందుకు ఆగలేదన్నదే అసలు ప్రశ్న.

కొల్లాజెన్ అంటే ముప్పేట తాడు. మన ఒంట్లోని ప్రొటీన్లలో దాదాపు మూడో వంతు ఇదే. చర్మం, ఎముక, స్నాయువు, రక్తనాళాల గోడ, అన్నిటినీ పట్టి ఉంచేది ఇదే. మనుషుల్లో 28 రకాల కొల్లాజెన్లను గుర్తించారు. మచ్చ కట్టడంలో ముఖ్యమైనవి ఒకటో రకం, మూడో రకం. ఒకటో రకంలో మూడు పేటలుంటాయి. వాటిలో రెండు ఒకే తీరువి, మూడోది కాస్త వేరు. జంట పేటల నమూనా 17వ క్రోమోజోములోని కాల్1ఎ1 అనే జన్యువులో ఉంది. ఒంటరి పేట నమూనా 7వ క్రోమోజోములోని కాల్1ఎ2 జన్యువులో ఉంది. రెండు వేర్వేరు క్రోమోజోముల నుంచి వచ్చే పేటలు రెండుకు ఒకటి చొప్పున కుదరాలి. ఏదో ఒకటి ఎక్కువ తక్కువైతే తాడు సరిగా పడదు. కాబట్టి ఈ రెండు జన్యువులు ఎంత దూరాన ఉన్నా ఒకే పిలుపుకు పలుకుతాయి. మచ్చ కథంతా ఆ పిలుపు కథే.

ఈ ముప్పేట ఆకారాన్ని లోకానికి చెప్పినవారిలో ముందున్నది మద్రాసులో పనిచేసిన జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. 1954లో వారు ఆ నిర్మాణాన్ని ప్రతిపాదించారు. ఎక్స్‌రే చిత్రాల కోసం వారు వాడిన నమూనాల్లో అక్కడి తోళ్ళ పరిశోధన సంస్థ నుంచి తెచ్చుకున్న కంగారూ తోక స్నాయువు ఉంది. పేటలో ప్రతి మూడో స్థానంలోనూ గ్లైసిన్ అనే అమైనో ఆమ్లమే ఉండి తీరుతుంది. అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది అదే. మూడు పేటలు మెలిపడిన చోట లోపలి ఇరుకులో మరొకటి పట్టదు. ఒక్క గ్లైసిన్ స్థానంలో వేరొకటి వచ్చి కూర్చుంటే చాలు, పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు వస్తుంది. ఈ సంగతి మందుల దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

తాడు పేనడంలో చాలా అంచెలున్నాయి. కణంలో పేటలు తయారవుతున్నప్పుడే వాటిలోని ప్రోలిన్ అనే అమైనో ఆమ్లానికి ఆక్సిజన్ చేర్చాలి. దానికి విటమిన్ సి కావాలి. అది చేరకపోతే ఒంటి వేడికి తాడు నిలవదు. పేనిన తాడు కణం బయటికి వచ్చాక రెండు కొసలనూ ఎంజైములు కత్తిరిస్తాయి. కత్తిరించిన తాళ్ళు ఒకదాని పక్కన ఒకటి కాస్త ముందువెనుకలుగా పేరి మోకుల్లా తయారవుతాయి. చివరికి రాగి అవసరమయ్యే లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము మోకుల మధ్య అడ్డముడులు వేస్తుంది. ముడులు పడే కొద్దీ విప్పడం కష్టమవుతుంది. కత్తిరించిన కొసలు మాత్రం వృథా పోవు. అవి రక్తంలో కలుస్తాయి. మూడో రకం కొల్లాజెన్ నుంచి తెగిన కొస రక్తంలో ఎంత ఉందో కొలిచి, కాలేయంలో మచ్చ ఎంత జోరుగా కడుతోందో అంచనా వేసే పరీక్షలు ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. వడ్రంగి వాకిట్లో పడిన చెక్కపేళ్ళను చూసి లోపల ఎంత పని నడుస్తోందో ఊహించినట్టు.

మచ్చ అనగానే ఒకసారి కట్టి వదిలేసిన గోడలా, కదలని వస్తువులా మనసులో మెదులుతుంది. అది నిజం కాదని పాత ఓడ ప్రయాణం ఒకటి చెబుతుంది. 1740లో జార్జ్ ఆన్సన్ నాయకత్వంలో ఇంగ్లండు నుంచి బయలుదేరిన నౌకాదళంలో స్కర్వీ విజృంభించింది. నెలల తరబడి విటమిన్ సి లేని తిండి. ఆ ఓడల్లో ఒక ముసలి సైనికుడికి యాభై ఏళ్ళ కిందట, 1690లో ఐర్లండులోని బోయిన్ నది యుద్ధంలో తగిలిన గాయం ఉండేది. ఎప్పుడో మానిపోయిన ఆ గాయం స్కర్వీతో మళ్ళీ విచ్చుకుంది. అర్ధశతాబ్దం పాటు మూసుకుని ఉన్న మచ్చ ఎలా తెరుచుకుంటుంది? ఆ మచ్చలో కొల్లాజెన్ రోజూ కొంత కరుగుతూనే ఉంది, రోజూ కొంత కొత్తగా చేరుతూనే ఉంది. చేరిక ఆగిపోయేసరికి కరుగుదల మాత్రమే మిగిలింది. వయసు ఎంతైనా మచ్చ జమాఖర్చుల లెక్కే. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే, విషం వల్ల కట్టే మచ్చలో లెక్క ఎక్కడ తప్పుతోందో వెతకడం సాధ్యమవుతుంది.

మామూలు గాయంలో ఆ లెక్క ఎలా సరిపోతుందో చూద్దాం. కణజాలంలో ఫైబ్రోబ్లాస్టులనే కణాలు చడీచప్పుడు లేకుండా ఉంటాయి. గాయం తగలగానే వాటిలో కొన్ని మయోఫైబ్రోబ్లాస్టులుగా మారతాయి. ఇవి రెండు పనులు చేస్తాయి. కండరంలా సంకోచించి గాయం అంచులను దగ్గరికి లాగుతాయి, కొల్లాజెన్‌ను ధారాళంగా పేని ఖాళీని పూడుస్తాయి. పైన కొత్త చర్మపు పొర పరుచుకోగానే వాటికి పని ఉండదు. ఎక్కువ భాగం చనిపోతాయి. ఆ తర్వాత నెలల పాటు కొల్లాజెనేజ్ వంటి ఎంజైములు ఎక్కువైన తాళ్ళను కోస్తూ మచ్చను పలచబరుస్తాయి. గమనించాల్సింది ఏమిటంటే, ఆపమనే కబురు జన్యువు లోపలి నుంచి రాదు. చుట్టుపక్కల నుంచి రావాలి. పైపొర మూసుకుంది, వాపు తగ్గింది, లాగాల్సిన అంచు ఇక లేదు. ఈ మూడూ కలిస్తేనే ఆ కబురు. విషాలన్నీ కొల్లాజెన్ జన్యువును మేల్కొలిపే దారి ఇంచుమించు ఒకటే. ఆపమనే కబురును చెడగొట్టే తీరులోనే అవి ఒకదానికొకటి వేరు.

మేల్కొలిపే దారి ముందు చూద్దాం. గాలిగదిలో పడిన రాతిరేణువును అక్కడ కాపలా ఉండే భక్షక కణం మింగుతుంది. బ్యాక్టీరియానైతే తన పొట్టలోని ఆమ్లపు సంచిలో వేసి కరిగిస్తుంది. పలుగురాయి కరగదు. అప్పుడే పగిలిన రేణువు ముఖాల మీద చురుకైన రసాయన స్థానాలుంటాయి. అందుకే నిల్వ ఉన్న ధూళి కన్నా అప్పటికప్పుడు కోసిన రాయి ధూళి ఎక్కువ హాని చేస్తుంది. ఆ తాకిడికి ఆమ్లపు సంచి చిరుగుతుంది. లోపలి ఎంజైములు కణంలోకి కారుతాయి. దాంతో ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రమాదఘంటిక మోగుతుందని 2008లో వేర్వేరు పరిశోధక బృందాలు చూపాయి. ఇంటర్‌ల్యూకిన్-1 విడుదలై వాపు మొదలవుతుంది. భక్షక కణం చనిపోతుంది. రేణువు మళ్ళీ బయటపడుతుంది, చెక్కుచెదరకుండా. మరో భక్షక కణం వచ్చి దాన్ని మింగుతుంది. అదీ చనిపోతుంది. ఒక్క రేణువు ఎన్ని కణాలనైనా చంపగలదు, తాను మాత్రం అరగదు.

ఈ అలజడిలో విడుదలయ్యే వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీన్. ఇది ముందే తయారై, తాళం వేసిన పొట్లంలో, కణాల మధ్యనున్న జాలానికి కట్టేసి ఉంటుంది. పొట్లం విప్పడానికి మార్గాల్లో ఒకటి లాగడం. ఇంటెగ్రిన్లు అనే కొక్కేలతో కణం దాన్ని పట్టుకుని గుంజుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వదులు ఇసుకలో పాతిన గుంజకు కట్టిన పొట్లాన్ని గుంజితే గుంజే కదిలి వస్తుంది తప్ప ముడి వీడదు. గట్టినేలలో పాతిన గుంజకు కట్టినదైతే ఒక్క గుంజుకు విచ్చుకుంటుంది. మెత్తని ఊపిరితిత్తిలో టీజీఎఫ్-బీటా అంత తేలికగా బయటపడదు. ఇప్పటికే కొల్లాజెన్ కట్టి గట్టిపడిన ఊపిరితిత్తిలో సులువుగా బయటపడుతుంది. మచ్చ కట్టిన ఊపిరితిత్తి ఆరోగ్యమైన దానికన్నా పదింతల దాకా గట్టిగా ఉండగలదు. అంటే మచ్చే మరింత మచ్చకు నారుమడి సిద్ధం చేస్తోంది.

విడుదలైన టీజీఎఫ్-బీటా ఫైబ్రోబ్లాస్టు పైనున్న గ్రాహకాన్ని తాకుతుంది. లోపల స్మాడ్ అనే ప్రొటీన్లు ఆ కబురును అందుకుని కేంద్రకంలోకి వెళ్ళి, కాల్1ఎ1, కాల్1ఎ2 జన్యువుల ముంగిట వాలతాయి. జన్యువు చదవడం మొదలవుతుంది. అదే టీజీఎఫ్-బీటా స్మాడ్7 అనే అడ్డుకట్టను కూడా తయారు చేయిస్తుంది. అది కొంతసేపటికి గ్రాహకం దగ్గర కబురును ఆపేస్తుంది. పని పురమాయించిన సంకేతమే దాని గడువునూ వెంట పంపుతోందన్నమాట. ఒక్కసారి తగిలిన గాయానికి ఆ గడువు సరిపోతుంది. రోజూ తగులుతున్న గాయానికి సరిపోదు.

జన్యువు ‘ఆన్’ అయిందని ఇక్కడితో ఆపేసేవారు ఎక్కువ. కథలో ఎక్కువ ఆసక్తి కలిగించే భాగం ఇక్కడే మొదలవుతుంది. జన్యువు నుంచి వచ్చేది తాడు కాదు, తాడు పేనమనే తాకీదు, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. కణంలో తాకీదులకు ఆయుష్షు ఉంటుంది. కాసేపు వాడి చింపేస్తారు. కాలేయంలో నక్షత్ర కణాలని ఉన్నాయి. మామూలు రోజుల్లో వీటి పని విటమిన్ ఎ చుక్కలను దాచుకోవడం. కాలేయానికి దెబ్బ తగిలితే ఇవే మయోఫైబ్రోబ్లాస్టులై కొల్లాజెన్ పేనుతాయి. ఎలుకల నుంచి తీసిన ఈ కణాల మీద 1990లలో జరిగిన కొలతలు కళ్ళు తెరిపించాయి. మేల్కొన్న కణంలో కాల్1ఎ1 తాకీదుల సంఖ్య నిద్రాణ కణంలో కన్నా 60 నుంచి 70 రెట్లు పెరిగింది. జన్యువును చదివే వేగం మాత్రం సుమారు మూడు రెట్లే పెరిగింది. మిగతా పెరుగుదల ఎక్కడిది? తాకీదు ఆయుష్షు నుంచి. నిద్రాణ కణంలో సగం తాకీదులు గంటన్నరలో చిరిగిపోతే, మేల్కొన్న కణంలో సగం చిరగడానికి 24 గంటలు పట్టింది.

అంటే కొత్తగా రాసే ఉత్తర్వులు కొంచెమే పెరిగాయి, పాత ఉత్తర్వులు రద్దు కావడమే ఆగిపోయింది. కొల్లాజెన్ తాకీదు ముందుభాగంలో జడముడిలాంటి ఒక మడత ఉంటుంది. లార్ప్6 అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుంటుంది. చివరి భాగాన్ని ఆల్ఫా-సీపీ అనే మరో ప్రొటీన్ పట్టుకుని చిరగకుండా కాపాడుతుంది. మరోవైపు, కొల్లాజెన్ తాకీదులను వెతికి అణచివేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-29 మచ్చకట్టే కణజాలాల్లో తగ్గిపోతుంది. ఈ వివరాన్ని అదనపు సమాచారంగా పక్కన పెట్టడం పొరపాటు. జన్యువు ముంగిట ఉన్న మీటను మాత్రమే నొక్కి ఆపాలని చూస్తే, అప్పటికే చెలామణిలో ఉన్న తాకీదులు పని చేయిస్తూనే ఉంటాయి. మచ్చలో జన్యువు ‘పనితనం’ అంటే చదివే వేగం, తాకీదు ఆయుష్షు, పేనే అంచెలు, కోసే ఎంజైముల బలం, ఇవన్నీ కలిసి తేల్చే సంగతి.

కాలేయంలో ఈ లెక్కను మొదటి నుంచి చివరి దాకా చూపిన విషం కార్బన్ టెట్రాక్లోరైడ్. ఒకప్పుడు బట్టలు డ్రైక్లీన్ చేయడానికీ, చిన్నచిన్న అగ్నిమాపక గొట్టాల్లోనూ వాడిన ద్రవం ఇది. దానంతట అది చేసే హాని కన్నా కాలేయం దాన్ని విరగ్గొట్టినప్పుడు పుట్టే ముక్క చేసే హాని ఎక్కువ. సీవైపీ2ఇ1 అనే ఎంజైము దాన్ని ముక్క చేయగానే, జతలేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన అణువు పుట్టి కణాల కొవ్వుపొరలను చీలుస్తుంది. మద్యాన్ని విరగ్గొట్టే ఎంజైముల్లో ఇదీ ఒకటి, తాగుడుతో దీని పరిమాణం పెరుగుతుంది. అందుకే తాగే అలవాటున్నవారి కాలేయాన్ని ఈ ద్రావకం ఇంకా ఎక్కువగా దెబ్బతీస్తుంది.

ఎలుకలకు ఈ విషాన్ని వారానికి రెండుసార్ల చొప్పున నాలుగు వారాలు ఇస్తే కాలేయంలో మచ్చల అడ్డుగోడలు లేస్తాయి. ఇవ్వడం ఆపేస్తే? 1998లో ప్రచురితమైన ప్రయోగాల్లో, ఆపిన నాలుగు వారాల్లో కాలేయం దాదాపు మామూలు స్థితికి వచ్చింది. నక్షత్ర కణాలు పెద్ద సంఖ్యలో తమంతట తాము చనిపోయాయి. కొల్లాజెనేజ్‌ను అణచివేసే టింప్-1 అనే ప్రొటీన్ తగ్గిపోయింది. దాంతో కోసే ఎంజైములకు చేతులు వచ్చాయి. 2012లో తేలిన మరో సంగతి కూడా చెప్పాలి. మేల్కొన్న నక్షత్ర కణాలన్నీ చనిపోవు, దాదాపు సగం మళ్ళీ నిద్రలోకి జారుకుంటాయి. అయితే అవి మునుపటి నిద్రాణ కణాలు కావు. మళ్ళీ దెబ్బ తగిలితే ముందటికన్నా త్వరగా లేస్తాయి. కొన్నేళ్ళు తాగుడు మానేసి మళ్ళీ మొదలుపెట్టినవారిలో కాలేయం త్వరగా పాడవడానికి ఇదొక కారణం కావచ్చన్న ఆలోచన ఇక్కడి నుంచే వచ్చింది.

ఇదే వరుసలో 2003లో వచ్చిన ఒక ప్రయోగం మరింత లోతుకు వెళ్ళింది. కాల్1ఎ1 జన్యువులో చిన్న మార్పు చేసిన ఎలుకలున్నాయి. వాటి కొల్లాజెన్ అన్ని విధాలా మామూలుదే, కొల్లాజెనేజ్ కోసే చోటు ఒక్కటే కోతకు లొంగదు. వీటికి కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇచ్చి ఆపారు. విషం వెళ్ళిపోయింది. అయినా మచ్చ కరగలేదు. అది ఊహించగలిగిందే. ఊహించలేనిది తర్వాత కనిపించింది. తాడు పేనే నక్షత్ర కణాలు కూడా చావలేదు. కాలేయ కణాల పునరుత్పత్తి కూడా మందగించింది. అంటే తాడు కరగడమే పేనే కణానికి అందే ‘ఇక చాలు’ అన్న కబురు. తన చుట్టూ తాను పేనిన కొల్లాజెన్ చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం ఆ కణం బతికే ఉంటుంది. కొల్లాజెన్‌ను నేరం జరిగాక మిగిలిన ఆనవాలుగా చూడటం అలవాటైపోయింది. ఈ ఎలుకలు దాన్ని నేరంలో భాగస్వామిగా చూపించాయి.

ఇప్పుడు మళ్ళీ రాతిధూళి దగ్గరికి రావాలి. కాలేయంలో విషం వెళ్ళిపోతుంది కాబట్టి లెక్క మళ్ళీ సరిపోయే అవకాశం ఉంది. ఊపిరితిత్తిలో పలుగురాయి వెళ్ళదు. వాపు ఆగదు, స్మాడ్7 గడువు చాలదు, టింప్-1 దిగదు. పని మానేసినా మచ్చ ముందుకు సాగడానికి కారణం ఇదే. మనలో ఎందరో పలక మీద అక్షరాలు దిద్దిన బలపాల తయారీకి దేశంలో పేరున్న చోటు మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్. అక్కడి బలపం కార్మికుల మీద 1985లో ప్రచురితమైన అధ్యయనం పరీక్షించిన వారిలో సగానికి పైగా సిలికోసిస్ ఉందని చూపింది. కొంత కాలానికి వారిని మళ్ళీ చూసేసరికి పలువురిలో జబ్బు ముదిరింది. కొందరు అప్పటికే చిన్న వయసులోనే చనిపోయారు. తెలంగాణలో షాద్‌నగర్ చుట్టుపక్కల పలుగురాయిని పొడిచేసే మిల్లుల్లో పనిచేసిన కూలీల కథ కూడా ఇలాంటిదే.

రాయిలా ఉండిపోకుండానే ఆపమనే కబురును తుడిచిపెట్టే విషం ఒకటుంది. మన పల్లెల్లో గడ్డి మందు అని పిలిచే పారాక్వాట్. ఇది కడుపులోకి వెళ్తే ఊపిరితిత్తి దాన్ని తనవైపు లాక్కుంటుంది. కణాలకు అవసరమైన పాలీఅమైన్లను లోపలికి తీసుకునే ద్వారం దీన్ని కూడా చుట్టమనుకుని తీసుకుంటుంది. రక్తంలో కన్నా ఊపిరితిత్తిలో దీని గాఢత ఎన్నో రెట్లు పెరుగుతుంది. లోపల అది కణం నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసుకుని ఆక్సిజన్‌కు ఇస్తుంది, మళ్ళీ వచ్చి ఇంకొకటి తీసుకుంటుంది. ఒక్కో చుట్టుకూ ఒక విషపు ఆక్సిజన్ అణువు పుడుతుంది. అందుకే ఊపిరాడని ఈ రోగికి మొదట్లో ఆక్సిజన్ ఇవ్వడానికి వైద్యులు వెనకాడతారు, ఇస్తే చుట్టు వేగం పెరుగుతుంది. మూత్రపిండాలు మందులో ఎక్కువ భాగాన్ని కొద్ది రోజుల్లోనే బయటికి పంపేస్తాయి. కానీ అప్పటికే గాలిగదుల లోపలి పొర ఊడిపోయి ఉంటుంది. మూసుకోవాల్సిన పైపొరే లేనప్పుడు ‘గాయం మూసుకుంది’ అని చెప్పేది ఎవరు? వారాల్లోనే ఊపిరితిత్తి కొల్లాజెన్‌తో బిగుసుకుంటుంది. దీనికి విరుగుడు లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2007లో దీనికి అనుమతి రద్దయింది. శ్రీలంక కూడా నిషేధించింది. తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో ఈ మరణాలను చూస్తున్న వైద్యులు నిషేధం కోరుతూనే ఉన్నారు. ఆ కోరిక వెనుక భావావేశమే కాదు, ఊపిరితిత్తి పొర గురించిన జీవశాస్త్రమూ ఉంది.

జన్యువు గురించి ఇంత తెలిసినా మచ్చను విప్పే మందు ఎందుకు రాలేదన్నది న్యాయమైన ప్రశ్న. ఒక కారణం ప్రయోగశాలలో ఉంది. ఊపిరితిత్తుల మచ్చను అధ్యయనం చేయడానికి అందరూ వాడే సాధనం బ్లియోమైసిన్, జపాన్‌లో కనుగొన్న క్యాన్సర్ మందు. దాన్ని నిర్వీర్యం చేసే ఎంజైము చర్మంలో, ఊపిరితిత్తిలో తక్కువ. కాబట్టి ఆ రెండు చోట్లే దాని హాని ఎక్కువ. ఎలుక గొంతులో ఒక మోతాదు వేస్తే మూడు వారాల్లో మచ్చ కడుతుంది. ఆ తర్వాత చాలావరకు తనంతట తానే తగ్గుతుంది. మనుషుల్లో అలా తగ్గదు. తగ్గే మచ్చ మీద పనిచేసిన మందు తగ్గని మచ్చ మీద విఫలం కావడంలో ఆశ్చర్యం లేదు. కొల్లాజెన్‌కు అడ్డముడులు వేసే ఎంజైముల్లో ఒకదాన్ని అడ్డుకునే సిమ్టుజుమాబ్ కారణం తెలియని ఊపిరితిత్తుల మచ్చ జబ్బులో పనిచేయలేదని 2016లో తేలింది.

రెండో కారణం ముందే చెప్పుకున్నాం. కాల్1ఎ1ను పూర్తిగా మూసేస్తే ఎముక ఏమవుతుందో పెళుసు ఎముకల జబ్బు చూపిస్తోంది, మానిన గాయం ఏమవుతుందో ఆన్సన్ ఓడలోని ముసలి సైనికుడు చూపించాడు. టీజీఎఫ్-బీటాను ఒళ్ళంతా ఆపితే రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పుతుంది, అది మంటను చల్లార్చే సంకేతం కూడా. ఇప్పుడున్న మందుల్లో నింటెడానిబ్, పిర్ఫెనిడోన్ అమెరికాలో 2014లో కారణం తెలియని ఊపిరితిత్తుల మచ్చ జబ్బుకు అనుమతి పొందాయి. నింటెడానిబ్‌ను 2020లో, కారణం ఏదైనా ముదురుతూ పోయే ఇతర మచ్చ జబ్బులకూ అనుమతించారు. ఈ రెండూ ఊపిరి తరుగుదలను నెమ్మదింపజేస్తాయి. కట్టిన తాడును విప్పవు.

అందుకే రాతిధూళి విషయంలో కొల్లాజెన్ జన్యువును నమ్మకంగా అదుపు చేయగలిగినది ఇప్పటికీ ఒక నీటి గొట్టమే. కోత మీద సన్నగా నీళ్ళు పడుతుంటే ధూళి గాలిలోకి లేవక బురదై కిందికి జారుతుంది. అమెరికాలో 2016లో ఖరారైన నియమం ప్రకారం ఎనిమిది గంటల పనిలో గాలిలో ఉండదగిన స్ఫటిక సిలికా (పలుగురాయి ఇందులోదే) పరిమితి ఘనపు మీటరుకు 0.05 మిల్లీగ్రాములు. కృత్రిమ పలుగురాయి పలకలను కోసే యువ కార్మికుల్లో సిలికోసిస్ ప్రబలడంతో ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకల తయారీని, సరఫరాను, బిగింపును నిషేధించింది. మన దేశంలో 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. అయితే ఇళ్ళ దగ్గర రోజు కూలీకి రాయి కోసే మేస్త్రీ ఏ ఫ్యాక్టరీ హాజరు పట్టీలోనూ ఉండడు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడంతో ఆసుపత్రికి వెళ్తే మొదట అనుమానించేది క్షయను. నిజంగానే సిలికా పీల్చినవారికి క్షయ ముప్పు ఎక్కువ కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు. అక్కడితో ఆగిపోవడమే తప్పు. ‘ఏం పని చేస్తావు, ఎన్నేళ్ళుగా?’ అని అడగని చోట నెలల తరబడి క్షయ మందులు నడుస్తాయి, అతను రాయి కోస్తూనే ఉంటాడు. ఊపిరితిత్తిలోని క్లబ్ కణాలు విడుదల చేసే సీసీ16 అనే ప్రొటీన్ సిలికా దెబ్బకు రక్తంలో తగ్గుతుంది. ఆ తగ్గుదలను పట్టుకుని ఎక్స్‌రేలో మచ్చ కనిపించకముందే ముప్పును గుర్తించే పరీక్షను అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ రూపొందించింది. రాయి పనివారు ఉండే ప్రతి మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ అందాల్సిన పరీక్ష అది.

చైనాలో చాలా ఏళ్ళుగా సిలికోసిస్ రోగులకు ఊపిరితిత్తులు కడుగుతున్నారు. మత్తు ఇచ్చి, ఒక ఊపిరితిత్తితో ఊపిరి ఆడిస్తూ, రెండోదాన్ని లీటర్ల కొద్దీ ఉప్పునీటితో నింపి తోడతారు. మొదట వచ్చే నీళ్ళు మబ్బుగా ఉంటాయి. తోడే కొద్దీ తేరుకుంటాయి. గాలిగదుల్లో తేలుతున్న ధూళి, దాన్ని మింగి ఉన్న భక్షక కణాలు ఆ నీళ్ళతో బయటికి వస్తాయి. గోడల లోపలికీ, లింఫు గ్రంథుల్లోకీ చేరిన రేణువులు రావు. వాటి చుట్టూ ఉల్లిపొరలుగా చుట్టుకున్న ముప్పేట తాళ్ళు, వాటిని పేనుతున్న కణాలు ఉన్నచోటే ఉంటాయి.